రాగిపిండి వెనక డబ్బా

దేవిక కాపురానికి వచ్చిన కొత్తల్లో ఆమె జడ నడుము దాటి ఉండేది. మాచర్లలో వాళ్ళ వీధి ఆడవాళ్ళు "కోటి పెళ్ళాం జడ చూశారా" అని చెప్పుకునేవారు. తొమ్మిదేళ్ళు గడిచాయి. ఒక ఆడపిల్ల పుట్టింది, దానికి ఏడేళ్ళు వచ్చాయి. ఈ లోపల ఆ జడ చిటికెన వేలంత అయింది. పాపిట దగ్గర మాడు కనిపించసాగింది. పొద్దున్నే దువ్వెనకు చుట్టుకొచ్చిన వెంట్రుకల్ని ఉండ చేసి, కాగితంలో మడిచి, అత్తగారు రామాయమ్మ లేవకముందే చెత్తబుట్ట అడుక్కి తోసేసేది.

అత్తగారు చూస్తే ఏమీ తిట్టదు. కాకపోతే నీలిమ పేరు ఎత్తుతుంది. దేవిక భరించలేనిది అదే.

నీలిమ రామాయమ్మకు మేనకోడలు, తమ్ముడు బ్రహ్మయ్య కూతురు. అంటే దేవిక భర్త కోటేశ్వరరావుకు వరసైన మరదలు. ఇరవై ఎనిమిదేళ్ళు, ఇంకా పెళ్ళి కాలేదు. రెంటచింతల నుంచి రోజూ బస్సులో వచ్చి మాచర్లలో ఇక్బాల్ గారి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. తెల్లకోటు మీద ఆమె జడ తొడల దాకా వేలాడుతూ ఉంటుంది. దానికి ఆమె చేసే సేవ ఏమీ లేదు. ఆదివారం తలంటుకుని, ఆరబెట్టే తీరిక కూడా లేక తడిజుట్టుతోనే ముడి వేసుకుని తిరుగుతుంది.

ఒకప్పుడు కోటికి ఆ పిల్లనే చేసుకోవాలని రామాయమ్మ ఆశపడింది. పిల్ల చదువుకుంటోంది, ఇప్పుడే కాదని బ్రహ్మయ్య అన్నాడు. ఆ తర్వాత దేవిక సంబంధం వచ్చింది. పెళ్ళయిన ఆరు నెలలకు ఈ సంగతి రామాయమ్మే, గోంగూర ఒలుస్తూ, ఏ కల్మషమూ లేకుండా కోడలికి చెప్పింది. చెప్పినావిడ మరిచిపోయింది గానీ విన్నావిడ మరవలేదు. అప్పటి నుంచి నీలిమ నోట "అక్కా" అన్న పిలుపు కూడా దేవికకు గిట్టకుండా పోయింది. బావ పెళ్ళాన్ని అక్కా అనడమే వరస. కానీ సవతిని కూడా అక్కా అనే పిలుస్తారు.

మే నెలలో ఒక ఆదివారం నీలిమ భోజనానికి వచ్చింది. దేవిక కూతురు లాస్య ఎగిరి ఆమె ఒళ్ళో కూర్చుని జడ ముందుకు లాక్కుంది.

"అమ్మా, నాకు నీలిమ పిన్ని జడ లాంటిది కావాల" అంది.

"వచ్చిద్దిలేవే. అది మా పుట్టింటి జుట్టు. మా అమ్మకి మోకాళ్ళ దాకా ఉండేది. నీకు మీ అమ్మ పోలిక రాకుంటే చాలు" అంది రామాయమ్మ నవ్వుతూ.

కోటి అన్నం కలుపుకుంటూ అందుకున్నాడు. "చిన్నప్పుడు ఒకసారి ఇది నిద్రపోతా ఉంటే జడ తీసుకెళ్ళి నులక మంచం కోడుకు కట్టేశా. ఇది లేచి మంచాన్ని కూడా ఈడ్చుకుంటా పోయింది. మామయ్య నా వీపు పగలగొట్టాడు."

అందరూ పగలబడి నవ్వారు. నీలిమకైతే నవ్వుతో పొలమారింది. వంటింట్లో నుంచి చారు గిన్నె తెస్తున్న దేవిక గుమ్మంలోనే ఆగిపోయింది. తొమ్మిదేళ్ళ కాపురంలో తన జడ గురించి కోటి ఒక్క మాట అన్నట్టు ఆమెకు గుర్తు లేదు. ఇరవై ఏళ్ళ కిందటి ఆ జడ మాత్రం అతనికి మంచం కోడుతో సహా జ్ఞాపకం ఉంది.

"అక్కా, నువ్వు కూడా కూచో" అంది నీలిమ.

"మీరు తినండి. నాకు ఆకలిగా లేదు" అని దేవిక గిన్నె అక్కడ పెట్టి వెళ్ళిపోయింది. ఆ పూటే కాదు, ఆ వేసవిలో చాలా పూటలు ఆమె సరిగ్గా తినలేదు. నీలిమ సన్నగా ఉంటుంది. తానూ సన్నబడాలని రాత్రి అన్నం మానేసి టీ తాగి పడుకోవడం అప్పుడే మొదలుపెట్టింది.

ఆ వారమే ఫోనులో ఒక వీడియో చూసింది. జుట్టంతా ముందుకు పరుచుకుని కూర్చున్న ఒక అమ్మాయి, ఇదంతా బయోటిన్ చలవేనని చెబుతోంది. బయోటిన్ అంటే ఒక విటమిన్. దేవిక అక్కడికక్కడే ఆర్డరు పెట్టింది. పార్సిలు ఇంటికి వస్తే అత్తగారు విప్పుతుంది కనుక తాను పనిచేసే చోటికి తెప్పించుకుంది.

దేవిక వెల్దుర్తి దారిలో ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచరు. గర్భిణులకు, బాలింతలకు రాగిపిండి, బెల్లం, వేరుశనగ చిక్కీ, ఖర్జూరాలు, గుడ్లు, ఐరన్ మాత్రలు ఇచ్చే ఉద్యోగం. ఎవరు తిన్నారు, ఎవరు తినలేదు అని ఇంటింటికీ వెళ్ళి అడుగుతుంది. తన డబ్బాను మాత్రం సెంటరు బీరువాలో రాగిపిండి ప్యాకెట్ల వెనక పెట్టింది. అక్కడి ఆయా బీబీ, యాభై దాటిన మనిషి, చూసి అడిగింది.

"అదేంది టీచరమ్మా?"

"తలనొప్పి మాత్రలు" అంది దేవిక.

బీబీ చదువుకోలేదు గానీ డబ్బా మీద జుట్టు విరబోసుకున్న ఆడమనిషి బొమ్మను చూడగలదు.

రోజుకు ఒకటి వేసుకోమని డబ్బా మీద రాసి ఉంది. దేవిక నెల రోజులు ఒకటి వేసుకుంది. మళ్ళీ ఒక ఆదివారం నీలిమ వచ్చి వెళ్ళిన మరునాటి నుంచి రెండు చేసింది. ఆ పై వారం మూడు. జుట్టు రాలడం ఆగలేదు. పైగా సెంటరు మెట్లు ఎక్కితే గుండె దడదడలాడేది, చేతులు వణికేవి. నెలసరి వచ్చిన రోజుల్లో కళ్ళు బైర్లు కమ్మేవి. ఒకరోజు పిల్లలకు గుడ్లు పంచుతూ గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. కోటి గురజాల రోడ్డులో తాను పనిచేసే నాపరాళ్ళ డిపో వదిలి వచ్చి, ఆమెను బండి మీద డాక్టరు మల్లికార్జునరావు గారి దగ్గరకు తీసుకెళ్ళాడు.

పెద్దాయన కళ్ళ కింది రెప్ప లాగి చూశారు, నాడి పట్టుకున్నారు. రక్తం, థైరాయిడ్ రెండూ చూపించమని చీటీ రాశారు. ఆ చీటీ పట్టుకుని భార్యాభర్తలు ఇక్బాల్ గారి ల్యాబుకు వెళ్ళారు. నీలిమే ఉంది.

సూది గుచ్చబోయే ముందు నీలిమ అడిగింది. "అక్కా, జుట్టుకి గానీ గోళ్ళకి గానీ బయోటిన్ మాత్రలేమన్నా వాడతన్నావా? అందర్నీ అడుగుతాంలే. అది ఒంట్లో ఉంటే మా మిషను థైరాయిడ్‌ని తప్పు చూపిచ్చిద్ది. వాడతా ఉంటే మూడు రోజులు ఆపి రా, అప్పుడు తీస్తా."

కోటి పక్కనే నిలబడి ఉన్నాడు. నీలిమ వంగి ఉంది; ఆమె జడ భుజం మీద నుంచి జారి దేవిక చేతికి తగిలింది. బరువుగా, చల్లగా తగిలింది. ఆ జడ ఉన్న మనిషి ముందు, ఆ మొగుడి ముందు, అవును నేను జుట్టు కోసం మాత్రలు మింగుతున్నాను అని చెప్పడం దేవిక వల్ల కాలేదు.

"నాకెందుకు అయ్యన్నీ? ఏమీ వాడను" అంది.

మరునాడు రిపోర్టు వచ్చింది. రక్తం తొమ్మిది దగ్గర, ఉండాల్సిన దానికన్నా తక్కువగా ఉంది. థైరాయిడ్ మాత్రం బాగా ఎక్కువగా ఉందని చూపించింది. గుండెదడ, వణుకు, జుట్టు రాలడం, అన్నీ దానికి సరిపోయాయి. డాక్టరు థైరాయిడ్ తగ్గించే మాత్రలు, వాటితో పాటు ఐరన్ మాత్రలు రాసి ఆరు వారాల తర్వాత రమ్మన్నారు. దేవిక థైరాయిడ్ మాత్రలు తప్పకుండా వేసుకుంది. ఐరన్ మాత్రలు చూస్తే ఆమెకు చులకన. అవి తాను రోజూ పల్లెలో పంచేవే. వాటితో నీలిమ జుట్టు వస్తుందా? నాలుగు రోజులు వేసుకుని, కడుపులో తిప్పుతోందని మానేసింది. రాగిపిండి వెనక డబ్బా అయిపోతే ఇంకోటి తెప్పించుకుంది.

ఆరు వారాల్లో ఆమె మనిషి మారిపోయింది. మొహం ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది. ఆగస్టు ఉక్కపోతలో కూడా దుప్పటి కప్పుకుని పడుకునేది. జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడి దిండు మీద పడుతోంది. రెండోసారి రక్తం ఇవ్వడానికి వెళ్ళినప్పుడు నీలిమ ఆమెను చూసి బిత్తరపోయింది. పక్కకు తీసుకెళ్ళి గొంతు తగ్గించి అడిగింది.

"అక్కా, నిజంగా ఏమీ వాడటం లేదుగా?"

ఆ అడిగేటప్పుడు నీలిమ చూపు ఒక్క క్షణం దేవిక పాపిట మీద నిలిచింది. దేవికకు మాట వినపడలేదు, ఆ చూపే కనపడింది. తన బోడితల చూసి లోలోపల నవ్వుకుంటోంది అనుకుంది.

"ఎన్నిసార్లు చెప్పాల నీకు?" అంది.

ఈసారి కూడా రిపోర్టు థైరాయిడ్ ఎక్కువనే చెప్పింది. మల్లికార్జునరావు గారు కాగితాన్నీ ఆమె మొహాన్నీ మార్చి మార్చి చూశారు. "నీ ఒళ్ళు ఒకటి చెప్తంది, కాగితం ఇంకోటి చెప్తంది. నాకు అంతు పట్టడం లేదమ్మా. గుంటూరులో పెద్ద డాక్టరు గారికి రాసిస్తా. స్కానింగ్ చేస్తారు. ఆపరేషన్ దాకా వస్తదేమో వాళ్ళు చెప్పాల" అన్నారు.

ఆపరేషన్ అన్న మాట వినగానే కోటి మొహం పాలిపోయింది. దేవికకు మాత్రం భయం కన్నా ముందు వేరే ఆలోచన వచ్చింది. కాగితం తప్పయితే, ఆ కాగితం రాసింది ఎవరు? ఎన్నిసార్లు అబద్ధం చెప్పిందో గానీ, ఈ పాటికి ఆ డబ్బాకూ కాగితానికీ సంబంధం ఉండొచ్చన్న సంగతి ఆమె మనసులో నుంచే తప్పుకుంది. మిగిలింది ఒక్కటే. నీలిమ.

మరునాడు పొద్దున ఒక్కతే ల్యాబుకు వెళ్ళింది. బెంచీల మీద పది మంది దాకా కూర్చుని ఉన్నారు. లోపల నుంచి నీలిమ చేతికి తొడుగులతో బయటికి వచ్చింది.

"నా రిపోర్టులు ఎందుకు మారుస్తన్నావే?" అని దేవిక అందరి ముందూ అరిచింది. "నాకు లేని రోగం అంటగట్టి చంపుదామనా? నేను పోతే మా ఆయన్ని చేసుకుందామనా? అందుకేగా ఇన్నేళ్ళు పెళ్ళి చేసుకోకుండా కాచుక్కూచుంది?"

ఇక్బాల్ గారు తన గదిలో నుంచి లేచి వచ్చారు. నీలిమ మొహంలో రక్తం లేదు.

"నేను రెండుసార్లు అడిగా కదక్కా, ఏమన్నా వాడతన్నావా అని" అంది చిన్నగా. తొడుగులు తీసేసి లోపలికి వెళ్ళిపోయింది.

ఇక్బాల్ గారు దేవికతో మర్యాదగానే మాట్లాడారు. "అమ్మా, నీకు అనుమానంగా ఉంటే ఇంకో ల్యాబులో చేపిచ్చుకో. కానీ ఆ పిల్లని అట్టా అనబాక. పేషెంట్ల ముందు ఈ మాట పడ్డాక, ఇది తేలేదాకా దాన్ని కౌంటర్లో కూచోబెట్టలేను" అన్నారు. ఆ రోజు నీలిమ పదకొండు గంటల బస్సుకే రెంటచింతల వెళ్ళిపోయింది.

దేవిక అక్కడి నుంచి నేరుగా ఆటో ఎక్కి సెంటరుకు వచ్చింది. కాసేపు ఆమెకు హాయిగానే ఉంది. ఎన్నాళ్ళ నుంచో గొంతులో ఉన్నది కక్కేసినట్టుంది. ఆ హాయి మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. ల్యాబు బెంచీ మీద కూర్చున్న వాళ్ళలో ఆ పల్లె మనిషి ఒకామె ఉంది. కబురు ఫోనులో ముందే వచ్చేసింది.

పిల్లలు నిద్రపోయాక బీబీ వచ్చి దేవిక ఎదురుగా చాప మీద కూర్చుంది.

"టీచరమ్మా, ఒక మాట అడుగుతా, ఏమీ అనుకోబాక. ఆ పిల్ల, ఏమన్నా మాత్రలు వాడతన్నావా అని అడిగిందంటగా?"

దేవిక హాజరు పుస్తకం మీదకు వంగింది.

"మరి ఆ డబ్బా సంగతి చెప్పావా?"

"అది... అది మందు కాదులే బీబీ. విటమిన్."

"నాకేం తెలుసమ్మా విటమిన్లు. నువ్వు ఊళ్ళో ఇంటింటికీ పోయి, మాత్రలు ఏసుకున్నావా లేదా, నిజం చెప్పు, అబద్ధం చెప్తే కడుపులో బిడ్డకే నష్టం అని గదమాయిస్తావు. నీ ఎనకాలే నేనూ నిలబడి ఉంటా. నీకు ఒక పిల్ల ఉందని గుర్తు లేదా? గుంటూరులో గొంతు కోపిచ్చుకునే దాకా పోతావా ఒక జడ కోసం?"

బీబీ గొంతు పెంచలేదు. చెప్పి, లేచి, గిన్నెలు కడగడానికి వెళ్ళిపోయింది. దేవిక బీరువా తలుపు తీసి ప్యాకెట్లు పక్కకు జరిపింది. రెండు ఖాళీ డబ్బాలు, సగం వాడిన మూడోది. మూడు డబ్బాల మీదా అదే బొమ్మ. ల్యాబులో తాను అన్న మాటలు ఒక్కొక్కటే ఇప్పుడు ఆమె చెవుల్లో పడ్డాయి.

సాయంత్రం ఇంటికి వెళ్ళకుండా ఆ డబ్బాలు సంచిలో వేసుకుని రెంటచింతల బస్సు ఎక్కింది.

బ్రహ్మయ్య ఇంట్లో లేడు. నీలిమ అరుగు మీద కూర్చుని ఉంది, ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయింది. దేవికను చూసి లేవలేదు, అక్కా అనలేదు. దేవిక సంచి విప్పి మూడు డబ్బాలూ ఆమె ముందు పెట్టింది.

నీలిమ ఒక డబ్బా తీసి వెనక రాసింది చదివింది. "రోజుకి ఎన్ని?"

"మూడు."

"ఎప్పటి నుంచి?"

"మే నుంచి."

నీలిమ డబ్బా కింద పెట్టింది. అరుగు మీద అరచేత్తో గట్టిగా కొట్టింది. "నీకు లేని జబ్బుకి మందులేసుకున్నావు తెలుసా? అందుకే ఇట్టా వాచిపోయావు. నేను ఎందుకు అడుగుతా అనుకున్నావు? నీ జుట్టు చూసి ఎగతాళి చేద్దామనా?"

"అవును. అట్టనే అనుకున్నా" అంది దేవిక.

నీలిమ డబ్బాలు మూడూ పక్కకు నెట్టింది. "బావని చేసుకోవాలని నేను ఎప్పుడూ అనుకోలేదు. అత్తయ్య అనుకుంది, నాన్న వద్దన్నాడు. నన్ను అడిగినోళ్ళే లేరు. నువ్వు ఇయ్యాల నన్ను అడగలేదు, పది మందిలో తేల్చేశావు."

దేవికకు ఏడుపు వచ్చింది గానీ ఏడవలేదు. అక్కడ ఏడిస్తే తనను ఓదార్చాల్సింది ఆ పిల్లే అవుతుంది. "రేపు పొద్దున ల్యాబుకి వచ్చి, అందరి ముందే చెప్తా" అని మాత్రం అంది.

చెప్పింది కూడా. బెంచీల మీద కూర్చున్నది వేరే మనుషులు. ఎవరీమె, ఏం చెబుతోంది అని వాళ్ళు వింతగా చూశారు. అయినా ఇక్బాల్ గారి ముందు, నీలిమ ముందు నిలబడి, తప్పు నాదే, నేనే అబద్ధం చెప్పాను అంది. ఇక్బాల్ గారు తల ఊపి నీలిమను కౌంటరు దగ్గరకు పంపించారు. ఆ తర్వాత దేవిక డాక్టరు గారి దగ్గరకు వెళ్ళి డబ్బాలు బల్ల మీద పెట్టింది. ఆయన తిట్టలేదు. కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నారు. థైరాయిడ్ మాత్రలు ఆ రోజు నుంచే ఆపించారు. బయోటిన్ మానేసిన వారానికి మళ్ళీ పరీక్ష రాశారు, ఈసారి ఐరన్ నిల్వలు కూడా చూడమన్నారు.

ఈసారి కాగితం నిజం చెప్పింది. వేసుకున్న మాత్రల వల్ల థైరాయిడ్ పడిపోయి ఉంది. వాటిని మానేసింది కనుక అదే కోలుకుంటుంది. ఐరన్ నిల్వలు అడుగంటిపోయి ఉన్నాయి.

"ఇదమ్మా నీ జుట్టు సంగతి, నీ గుండెదడ సంగతి" అన్నారు డాక్టరు. "నెలనెలా రక్తం పోతంది, తినే తిండి లేదు, పైన టీ ఒకటి. ఒంట్లో ఇనుము లేకపోతే ముందు జుట్టునే వదిలేసిద్ది ఒళ్ళు. నీకు బయోటిన్ కొరత ఏమీ లేదు, అది గుడ్లలో, వేరుశనక్కాయల్లో కావలసినంత ఉంటది. రాత్రి పూట అన్నం తిను. పప్పు, ఆకుకూర, గుడ్డు తిను. ఐరన్ మాత్ర టీతో ఏసుకోబాక, నిమ్మకాయ నీళ్ళతో ఏసుకో. మూడు నెలలు చూడు. జుట్టు తొందరగా రాదు, ఓపిక పట్టాల."

కోటికి అంతా ఆ రాత్రి అన్నాల దగ్గర చెప్పింది. జుట్టు కోసం మాత్రలు, మంచం కోడు కథ విన్నప్పుడు కలిగిన మంట, ల్యాబులో అన్న మాట, ఏదీ దాచలేదు. అతను వింటూ ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయాడు. నీలిమను అన్న మాట దగ్గర అతనికి కోపం వచ్చింది. కోపం దిగాక అయోమయంగా అన్నాడు.

"నీ జుట్టు ఊడిపోతందని నేను చూడను కూడా చూడలేదే."

ఆ మాటతో దేవికకు ఊరట కలగాలి. కలగలేదు. ఎవరి కళ్ళ కోసం ప్రాణం మీదకు తెచ్చుకుందో ఆ కళ్ళు తన వంక చూడనే లేదు. "పక్కన పడుకుంటావు, చూడలేదా?" అంది. తర్వాత చాలా రోజులు అతను పొద్దున్నే ఆమె తల వంక దొంగచూపులు చూసేవాడు. దేవికకు అది నవ్వూ తెప్పించేది, మంటా తెప్పించేది.

మూడు నెలలకు గొంతు మామూలైంది, మొహం వాపు దిగింది. రామాయమ్మ రోజూ రాత్రి పక్కన కూర్చుని కోడలి చేత మునగాకు పప్పు తినిపించింది. సంగతంతా తెలిశాక ఆమె నీలిమ జడ ఊసు ఎత్తడం మానేసింది. ఎత్తకుండా ఉండటానికి ఆమె పడే అవస్థ చూస్తే, ఎత్తినా బాగుండుననిపించేది దేవికకు.

నీలిమ మాత్రం ఆ ఇంటికి రాలేదు. లాస్య అడిగి అడిగి విసిగిపోయింది. మిరప కోతలు మొదలైన రోజుల్లో, ఒక ఆదివారం, ఎవరూ పిలవకుండానే వచ్చింది. తలంటుకుని వచ్చినట్టుంది, జుట్టు ఇంకా ఆరలేదు. వచ్చి గడప దగ్గర చెప్పులు విడిచింది. ఎండ వెనక నుంచి పడి ఆ జుట్టు భుజాల మీదంతా పరుచుకుని మెరుస్తోంది.

దేవిక వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. పాపిట పక్కన తనకు వేలెడంత కొత్త వెంట్రుకలు వచ్చాయి, దువ్వితే అణగకుండా నిక్కుతుంటాయి. వాటిని చూసుకుని ఆ ఉదయమే మురిసింది. ఇప్పుడు ఆ మురిపెం ఎటు పోయిందో తెలియదు. గుండెలో పాత చోటే మళ్ళీ చురుక్కుమంది. రామాయమ్మ బిక్కుబిక్కుమంటూ ఇద్దరి వంకా చూస్తోంది.

"నీ జుట్టు చూస్తే నాకు ఇప్పటికీ కుళ్ళుగానే ఉంది నీలిమా" అంది దేవిక.

నీలిమ తడిజుట్టు ఒక పక్కకు లాక్కుని పిండుకుంది. "నాకూ నీ మీద కోపం పూర్తిగా పోలేదు" అంది. "ఏం కూర చేశావు?"

"కోడిగుడ్డు పులుసు."

"అయితే పెట్టు. పొద్దున్నుంచి ఏమీ తినలేదు."

దేవిక రెండు కంచాలు తెచ్చింది. ఒకటి నీలిమ ముందు పెట్టి, రెండోది తన ముందు పెట్టుకుని, ఆమె పక్కన కాక ఎదురుగా కూర్చుంది. రామాయమ్మ ఇద్దరికీ వడ్డించింది. లాస్య పరుగెత్తుకొచ్చి ఎవరి ఒళ్ళో కూర్చోవాలో తేలక మధ్యలో చతికిలబడింది.